సోమవారం లిస్టు

ఆమె మా మందుల షాపులోకి వచ్చినప్పుడు కుడిచేతికి ఒక కాఫీ కప్పు ఉంది.

చేతిలో కాదు, చేతికి. బొటనవేలూ చూపుడువేలూ కప్పు పిడికి అతుక్కుపోయి ఉన్నాయి. బయట సన్నగా వాన పడుతోంది. కప్పులో నాలుగు చుక్కల వాననీళ్లు కూడా చేరాయి.

"దీనికి మందేమైనా ఉందా?" అంది, దగ్గు మందు అడిగినంత మామూలుగా.

"కప్పుకా, వేళ్లకా?"

"మీ షాపులో జోకులకి డాక్టరు చీటీ అక్కర్లేదనుకుంటా. వేళ్లకి."

"ఏం పెట్టి అతికించారు?"

"జిగురు. విరిగిన కప్పులు అతికించడం గురించి ఒక సైట్లో చదివి చేశాను."

"వేళ్లకి తగలనివ్వకండి అని ట్యూబు మీదే రాసి ఉంటుంది కదండీ. చదవలేదా?"

"చదివాను. సైటూ చదివాను, ట్యూబూ చదివాను. రెండూ చదువుతూ ఉండగానే ఆరిపోయింది."

నా వెనక కౌంటర్లో మా అక్క కిసుక్కున నవ్వింది. షాపు అక్కది. నేను ఆమె కింద పనిచేసే ఫార్మసిస్టుని. వీధి వీధంతా నన్ను 'మందులబ్బాయి' అనే పిలుస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక కూడా అబ్బాయి ఏమిటని లోలోపల ఉడుక్కోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

గోరువెచ్చని సబ్బు నీళ్లు తెచ్చి ఆమె చెయ్యి అందులో పెట్టించాను. లాగకూడదు, మెల్లగా దొర్లించినట్టు వదిలించాలి. ఇరవై నిమిషాలు పట్టింది. క్యూలో ఉన్న నలుగురూ తమ జబ్బులు మర్చిపోయి నిలబడి చూశారు.

"ఇంతకీ విరిగిన కప్పు పారేసి కొత్తది కొనుక్కోవచ్చుగా?" అన్నాను.

"కప్పు గురించి కాదండీ. ఆ సైటు మంచిదో కాదో తెలియాలిగా."

ఆమెది ఎదురుగా ఉన్న లైబ్రరీలో ఉద్యోగం. ప్రతి సోమవారం పొద్దున అక్కడి కంప్యూటర్ల గదిలో ఒక లిస్టు అంటిస్తుందట. నెట్‌లో చూడదగ్గ సైట్లు, బ్లాగులు, వారానికి ఐదు. కాకపోతే ఒక్కో సైట్లోంచి ఒక్క పనైనా తన చేత్తో చేసి చూస్తేగానీ దాన్ని లిస్టులోకి రానివ్వదట.

"మరి ఇది వస్తుందా?" అన్నాను, రెండో వేలు ఊడివచ్చాక.

ఆమె కప్పుని వెలుతురుకి ఎత్తి చూసింది. "కప్పు గట్టిగా అతికింది. సైటు మంచిదే. తప్పు నాది," అని థాంక్స్ చెప్పి, కప్పు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి నవ్వింది. ఆ నవ్వు నాకో, నా వెనకున్న అక్కకో అప్పట్లో తేలలేదు.

ఇక్కడ నా దొంగతనం ఒకటి చెప్పాలి. నాకూ ఒక బ్లాగు ఉంది. పేరు 'కౌంటరు వెనక నుంచి'. అందులో నా పేరు కౌంటరుగాడు. ఏ మాత్ర పాలతో వేసుకోకూడదు, డాక్టరు గీతలకి అర్థమేమిటి లాంటివి కాస్త సరదాగా రాస్తుంటాను. మూడేళ్లలో డెబ్భై పోస్టులు రాశాను. పోస్టుకి పదకొండు మంది చదివేవాళ్లు. అందులో అక్క ఒకతి.

ఆ సాయంత్రం డెబ్భై ఒకటో పోస్టు రాశాను, 'కప్పు మహారాణి' అని. ఊరూ పేరూ లేకుండా, జరిగింది జరిగినట్టే, కొంచెం ఉప్పూ కారం వేసి. మర్నాటికి నాలుగు వందల మంది చదివారు. 'మహారాణి మళ్లీ వచ్చిందా?' అని కామెంట్ల మీద కామెంట్లు.

వచ్చింది. చేసి చూడడం ఆమె పద్ధతి అయినప్పుడు రాకుండా ఎలా ఉంటుంది? కొవ్వొత్తులు పోయడం నేర్పే సైటు పుణ్యమా అని అరచెయ్యి కాల్చుకుని వచ్చింది. తుమ్ము ఎందుకు వస్తుందో వివరించే సైటు చదివి, మిరియాల పొడితో పరీక్ష చేసి, ఆగని తుమ్ములతో వచ్చింది. చెక్క మీద బొమ్మలు చెక్కే సైటు వల్ల బొటనవేలికి కట్టుతో వచ్చింది. వచ్చినప్పుడల్లా నేనొక పోస్టు రాశాను. మొత్తం నాలుగు.

మూడో దాంట్లో నా కలం హద్దు దాటింది. 'లోకంలో ఎవరికీ అక్కర్లేని పని ఒకటుంటే, దాన్ని ఇంత శ్రద్ధగా చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు' అని రాశాను. దానికి వచ్చినన్ని నవ్వులు నా బ్లాగులో మరి దేనికీ రాలేదు. నేనూ తెగ మురిసిపోయాను. గొప్ప రచయితనైపోయాననుకున్నాను.

నాలుగోసారి కట్టు మార్చుతున్నప్పుడు ఆమె అంది, "వంట సైట్లూ, కుట్టు సైట్లూ నేనే చేసి చూడగలను. ఆరోగ్యం సైట్లు మాత్రం నా మీద ప్రయోగం చేసుకోలేను కదా. మీరు చూసి పెడతారా? గురువారాలు, లంచ్ టైములో."

"జీతమెంత?"

"ఒక ఎర్ర పెన్ను ఇస్తాను. అబద్ధం కనిపించిన చోట కొట్టేయచ్చు."

అలా మొదటిసారి ఆ కంప్యూటర్ల గదిలోకి వెళ్లాను. బోర్డు మీద లిస్టు ఉంది. ఒక్కో సైటు కింద ఆమె చేతిరాతలో రెండు మూడు వాక్యాలు. నెట్ అంటే నాకు అప్పటిదాకా క్రికెట్ స్కోరూ, నా కామెంట్లూ. ఆ లిస్టు పట్టుకుని వెళ్తే ఎంతమంది ఉన్నారు! రోజుకొక్క ఆకు బొమ్మ గీసి, దాని ఈనెల లెక్క రాసే బ్యాంకు గుమాస్తా ఉన్నాడు. రైళ్ల కూతలన్నీ రికార్డు చేసి, ఏ కూత ఎందుకు వేస్తారో చెప్పే రిటైరైన గార్డు ఉన్నాడు. చిరిగిన చొక్కాని చిరుగు కనపడకుండా కుట్టడం బొమ్మలతో నేర్పే ఒక బామ్మ ఉంది. ఆ బామ్మ సైటు చూసి నా తెల్లకోటు జేబు నేనే కుట్టుకున్నాను. మూడేళ్లుగా బ్లాగు రాస్తూ, పక్కవాళ్ల బ్లాగు ఒక్కటి కూడా చదవలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

గురువారాలు గడిచాయి. ఎర్ర పెన్ను బాగానే పనిచేసింది.

"ఇది కొట్టేయండి," అన్నాను ఒకసారి. "పంటినొప్పికి మాత్ర నలిపి చిగురు మీద పెట్టుకోమంటున్నాడు. చిగురు పుండవుతుంది."

"కొట్టేస్తే ఈ వారం లిస్టు నాలుగే అవుతుంది."

"జనం చిగుళ్లు బాగుంటాయి."

"మీరు ప్రతిదాంట్లోనూ తప్పే వెతుకుతారు."

"తప్పు వెతకమనేగా పెన్ను ఇచ్చారు?"

ఆమె మూతి ముడిచి, ఆ సైటు కొట్టేసి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఇద్దరికీ కాలక్షేపం అయింది.

ఇంకో గురువారం తాడుతో ముడులు వేయడం నేర్పే సైటు. పడవల మీద ముప్ఫై ఏళ్లు పనిచేసినాయన రాసింది. నా మణికట్టుని కుర్చీ చేతికి కట్టి చూసింది. ముడి బ్రహ్మాండంగా పడింది. విప్పే పేజీ మాత్రం తెరుచుకోలేదు, నెట్ పోయింది. లంచ్ టైము అయిపోయింది. ఆమె కంగారుగా తాడు లాగుతోంది.

"మీ అక్కగారు తిడతారేమో!"

"తిట్టనీండి. నాకేం తొందర లేదు," అన్నాను.

అన్నాక నాకే తెలిసింది, నిజంగానే తొందర లేదని. ఆమె తల పైకెత్తి చూసింది. ముఖం కొంచెం ఎర్రబడింది. మళ్లీ ముడి మీదకి వంగి, కాసేపటికి చిన్న గొంతుతో అడిగింది.

"ఒకటి అడగనా? ఈ లిస్టు నిజంగా ఎవరైనా చదువుతారంటారా? మా పెద్దసారు మొన్న అడిగారు, ఇది ఎవరికి అవసరమమ్మా అని. నా దగ్గర జవాబు లేదు. ఒక్కోసారి నాకే అనిపిస్తుంది, ఎవరికీ అక్కర్లేని పని చేస్తున్నానేమో అని."

కుర్చీకి కట్టేసి ఉండకపోతే లేచి పారిపోయేవాణ్ని. అచ్చంగా నా మాటే. నా బ్లాగులో అందరినీ నవ్వించిన మాట. ఆ రోజు నుంచి ఆమె గురించి ఒక్క అక్షరం రాయలేదు. రాసిన నాలుగూ మాత్రం అలాగే ఉన్నాయి.

సరిగ్గా తరువాతి గురువారం ఆమె కళ్లు మెరిపిస్తూ ఎదురొచ్చింది.

"ఒక బ్లాగు దొరికిందండీ! మీలాగే మందుల షాపాయన. ఎంత నవ్విస్తాడో! మీకంటే చాలా సరదా మనిషి."

"పేరేంటి?"

"కౌంటరుగాడు. నాకొక పద్ధతి ఉంది. ఏ బ్లాగైనా మొట్టమొదటి పోస్టు నుంచి వరసగా చదువుతాను, ఒక్కటి కూడా దాటెయ్యను. రోజుకి పది. నిన్నటికి ఇరవై అయ్యాయి. ఆ దగ్గు మందుల జోకు వినండి..."

నా జోకు నాకే చెప్పింది. నేను నవ్వాను. అంత కష్టపడి జీవితంలో ఎప్పుడూ నవ్వలేదు. లోపల లెక్క వేసుకుంటున్నాను. ఇవాళ ముప్ఫై, రేపు నలభై. సోమవారానికి డెబ్భై. మంగళవారం కప్పు.

షాపుకి వెనక్కొచ్చి అక్క ముందు కూలబడి అంతా చెప్పాను.

"ఆ నాలుగూ పీకెయ్యరా. పీడా పోతుంది," అంది అక్క, మాత్రలు లెక్కపెడుతూ.

"పీకేస్తే బ్లాగు బాగుందని లిస్టులో పెడుతుంది. మోసం చేసి మెప్పు కొట్టేసినట్టు ఉంటుందక్కా."

"అయితే ఉంచి తిట్లు తిను."

"రెండూ కాకుండా ఇంకో దారి లేదా?"

"ఉంది. నోరు తెరిచి చెప్పడం. మన ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు."

ఆదివారం కూర్చుని, ఆ మూడో పోస్టు కింద పెట్టడానికి ఒక దిద్దుబాటు రాశాను. రాసి, పబ్లిష్ బటన్ మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి డ్రాఫ్టులోనే ఉంచేశాను. ముందు మొహం మీద చెప్పాలి. సోమవారం పొద్దున్నే వెళ్లి చెప్పెయ్యాలి. మంగళవారం దాకా టైముంది కదా అనుకున్నాను.

సోమవారం తొమ్మిదికల్లా కంప్యూటర్ల గదిలో ఉన్నాను. ఆమె లేదు. బోర్డు మీద పాత లిస్టే ఉంది. దాని ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు. దర్జీ షాపాయన, నోటు పుస్తకం పట్టుకున్న ఒక పెద్దావిడ, కాలేజీ పిల్లలు ముగ్గురు, ఇంకెవరో ఇద్దరు.

"ఈ వారం లిస్టు రాలేదేంటి?" అని పెద్దావిడ నన్నే అడిగింది. "ప్రతి వారం రాసుకెళ్తాను బాబూ. మా ఆయనకి కళ్లు కనపడవు, నేను చదివి వినిపిస్తాను. సోమవారం వచ్చిందంటే చాలు, ఇవాళ ఏముంది అని మొదలుపెడతాడు."

"ఆ అమ్మాయికి శనివారం నుంచి జ్వరం. లీవులో ఉంది," అన్నాడు డెస్కు దగ్గరాయన.

శనివారం నుంచి మంచం మీద ఉన్న మనిషి రోజుకి పదే చదువుతుందా?

షాపులోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అక్క ఎత్తి, విని, రిసీవరు చేత్తో మూసి నావైపు చూసింది.

"వాళ్ల నాన్నగారు. జ్వరం మాత్రలు కావాలట. నువ్వే తీసుకురావాలట. ఆ అమ్మాయి మరీ మరీ చెప్పిందట."

మాత్రలు కవర్లో వేసి నా చేతికిచ్చింది. "ఇవి ఆ అమ్మాయికి. నీకు కావాల్సిన ధైర్యం మాత్రం మన దగ్గర లేదురా. దారిలో ఎక్కడైనా చూసుకో."

తలుపు తీసిన మనిషి ఆరడుగుల ఎత్తు, బస్సు కండక్టరు యూనిఫాంలోనే ఉన్నాడు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"కౌంటరుగాడివి నువ్వేనా?"

అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "నేనేనండీ."

"రా లోపలికి."

ముందుగదిలో సోఫా మీద ఆమె దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నావైపు చూడలేదు.

"అమ్మాయికి కళ్లు మండుతున్నాయంటే రెండ్రోజులుగా నేనే చదివి వినిపిస్తున్నా," అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. "కప్పు దగ్గర పడీ పడీ నవ్వాం. అది మా అమ్మాయేనని దానికి రెండు లైన్లలో తెలిసిపోయింది. అయినా నవ్వింది. తుమ్ముల దగ్గరికొచ్చేసరికి ఫోను కట్టెయ్యమంది. నిన్నటి నుంచి సరిగ్గా మాట్లాడ్డం లేదు."

"కప్పుకి నాకు కోపం లేదు," అంది ఆమె, గోడకి చెబుతున్నట్టు. "నాకే నవ్వొచ్చింది. కానీ ఎవరికీ అక్కర్లేని పని అన్నారు చూడండి, అది... అందరూ నవ్వారు. మీకు నేను నోరు తెరిచి చెప్పుకున్నాను. అప్పుడు కూడా మీరు ఏమీ అనలేదు."

"భయమేసిందండీ," అన్నాను. "ఆ మాట లిస్టు చూడకముందు రాశాను. ఒక్కసారి కూడా చూడకుండా రాశాను. నవ్వులు చూసి ఉబ్బిపోయాను. చూశాక సిగ్గుపడ్డాను. తీసేద్దామనుకున్నాను, తీసేస్తే ఇంకో మోసం అవుతుందనిపించింది. ఇవాళ చెబుదామని వచ్చాను. మీరు లేరు. బోర్డు దగ్గర ఏడుగురు ఉన్నారు."

"ఏడుగురా?"

"లిస్టు రాలేదేమని నిలబడి ఉన్నారు. నోటు పుస్తకం పట్టుకుని ఒక పెద్దావిడ ఉంది. కళ్లు కనపడని వాళ్లాయనకి ప్రతి వారం మీ లిస్టులోవి చదివి వినిపిస్తుందట. ఇవాళ ఇంటికెళ్లి ఆయనకి ఏం చెప్పాలో తెలీక అక్కడే నిలబడింది. మీ పెద్దసారుకి జవాబు అక్కడ నిలబడి ఉందండీ. మీరు కనపడకుండా పోతేగానీ కనపడలేదు."

మొట్టమొదటిసారి నావైపు తిరిగింది. "నిజంగా ఏడుగురా?"

"నాతో ఎనిమిది."

పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలీలేదు. నేను ఫోన్ తీసి డ్రాఫ్టు తెరిచి ముందుకు చాపాను. "తప్పు కింద దిద్దుబాటు రాశాను. చదవండి."

"దానికి కళ్లు మంటలయ్యా, ఇలా ఇవ్వు," అని ఆయన అందుకున్నాడు. నేను గాభరాగా "వద్దండీ, అది..." అనేలోపే, బస్సు స్టాపుల పేర్లు పిలిచి పిలిచి అలవాటైన గొంతుతో మొదలుపెట్టేశాడు.

"పైన రాసింది తప్పు. నేను కొట్టేస్తున్నాను. ఆ పని వల్ల నాకు ఆకులు గీసే గుమాస్తా తెలిశాడు, రైలు కూతలు తెలిశాయి, నా జేబు నేను కుట్టుకోవడం తెలిసింది. ఎవరికో ఎందుకు, నాకు కావాలి ఆ పని. గురువారం ఒంటిగంట కోసం శుక్రవారం నుంచే ఎదురు చూస్తున్నాను. ఆ పనీ కావాలి. ఆ పని చేసే మనిషి లేకపోతే నాకు..."

ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. ఫోను కూతురి ఒళ్లో పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి నువ్వు చదువుకోమ్మా. నాకు కళ్లజోడు సరిగ్గా లేదు."

ఆయన కళ్లకి జోడే లేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా గిన్నెలు చప్పుడు చేయడం మొదలుపెట్టాడు.

ఆమె చదివింది. మిగిలింది మూడు వాక్యాలే. వాటిని చదవడానికి అంతసేపు ఎవరికీ పట్టదు. నేను నిలబడి నేల మీద గళ్లు లెక్కపెట్టాను. పద్నాలుగు వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే పదహారు.

"పబ్లిష్ చెయ్యండి," అంది.

"మొత్తమా?"

"ఒక్క అక్షరం తియ్యకుండా."

నొక్కాను. ఆమె చూసి ఈసారి దాచుకోకుండా నవ్వింది. పది రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. ఊపిరి తీసుకోవడం ఇంత తేలికా అనిపించింది.

ధైర్యం వచ్చిందిగా, ఇక ఆగలేదు. "అయితే మరి వచ్చే సోమవారం లిస్టులో నా బ్లాగు పెడతారా?"

"పెట్టను."

దిగిన బండ మళ్లీ వచ్చి కూర్చుంది. "ఇంకా కోపం పోలేదా?"

"కోపం కాదు. మా లైబ్రరీలో ఒక రూలుంది. సొంత మనుషుల సైట్లు లిస్టులో పెట్టకూడదు."

రూలు రూలే కదా. నేను తల ఊపాను. "న్యాయమేలెండి," అన్నాను దిగులుగా.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమయ్యా, డాక్టర్ల గీతలు ఎలా అర్థం చేసుకుంటున్నావయ్యా నువ్వు?" అని ఆయన కేకేశాడు. "మా అమ్మాయి ఇంత విడమర్చి చెప్పినా అర్థం కాలేదే!"

ఆమె దుప్పటి ముఖం మీదకి లాక్కుంది. దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి. అప్పటికి నా బుర్రలో దీపం వెలిగింది. వెలిగాక ఏం చెయ్యాలో తెలీక, మాత్రల కవరు విప్పి, "రోజుకి మూడు, తిన్న తరువాత," అన్నాను. దుప్పటి లోపలి నుంచి "అలాగేనండీ, కౌంటరుగారూ," అని వినిపించింది.

వీధిలోకి వచ్చి అక్కకి ఫోన్ చేశాను.

"ఏమైందిరా?"

"లిస్టులో పెట్టనందక్కా."

"అయ్యో. పోనీలేరా. ఇంటికి రా."

"సొంత మనుషులవి పెట్టకూడదట."

అవతల అక్క ముక్కు ఎగబీల్చింది. జలుబు కాదని నాకు తెలుసు.

"అయితే షాపుకి రాకు," అంది. "మళ్లీ లోపలికి వెళ్లు. మాత్రలు వేసుకుందో లేదో చూసి రా."